ప్రతాప్ మానేసిన బువ్వ

సుధకు మనుషులంటే పెద్ద లెక్క ఎప్పుడూ లేదు. అది పెళ్లయ్యాక వచ్చిన గుణం కాదు; జమ్మలమడుగులో పుట్టింటి నుంచే తెచ్చుకుంది. పెద్దన్న అనే వాళ్ల నాయనకు గొర్రెల మంద ఉండేది. పగలంతా పెన్నేటి పక్కన మేపుకొని, పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి, ఆ రోజు తనకు ఎదురైన మనుషులందరినీ మందలోని జీవాలతో పోల్చి చెప్పేవాడు. ఒకడు దారి తెలియకపోయినా ముందు నడిచే పొట్టేలు. ఇంకొకడు ఎవరు అరిస్తే వాళ్లతో పాటు అరిచే గొర్రె. చిన్నప్పుడు సుధ పడీ పడీ నవ్వేది. ఎదిగేకొద్దీ నవ్వు పోయి, పెదవిని ఒక పక్కకు విరవడం మాత్రం మిగిలింది. ఎవరైనా గొప్పలు చెప్పుకుంటుంటే ఆ పెదవి తనంతట తానే విరిగేది. పెళ్లిచూపుల్లో కూడా విరిగింది. చూడ్డానికి వచ్చిన ప్రతాప్ దాన్ని సిగ్గనుకున్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురం తర్వాత కూడా ఆయనకు ఆ తేడా సరిగ్గా తెలియదు.

ప్రతాప్‌ది పులివెందుల. చీనీకాయల, అంటే బత్తాయిల, దళారి. తోటలు తిరిగి బేరం మాట్లాడి, కాయ కోయించి, లారీకి ఎక్కించే దాకా ఆయన పని. ఆ పనికి నోరే పెట్టుబడి, ఆ నోరు ఆయనకు బాగానే ఉంది. మాట్లాడనప్పుడు తినడానికి వాడేవాడు. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీ. తోటలో రైతు ఇచ్చిన చీనీరసం, చక్కెర దండిగా వేసి, చెంబుడు. మధ్యాహ్నం ఇంటికొస్తే ఆయన అన్నం తినేవాడు కాదు, అన్నంతో కొట్లాడేవాడు: పప్పుతో ఒక గుట్ట, చారుతో ఒక గుట్ట, పెరుగుతో ఇంకొకటి. సాయంత్రం బేరం కుదిరితే తోటలోనే యాటమాంసం, సీసాలు. కుదరకపోతే ఆ బాధకు మళ్లీ అవే. పొట్ట ముందుకు, నడుము వెనక్కు పోయి, బెల్టు ఎక్కడ బిగించుకోవాలో ఆయనకే అర్థం కాని స్థితికి వచ్చాడు. దాన్ని కూడా ఆయన గొప్పగానే చెప్పుకునేవాడు. దళారి బక్కగా ఉంటే రైతు నమ్మడట. సుధ పెదవి విరిచి ఇంకో గరిటె వడ్డించేది. ఎంత తింటాడో చూద్దామన్నట్టు వడ్డించేది తప్ప, ఇష్టంతో కాదు.

ఒక్కగానొక్క కూతురు రజని పెళ్లై కడపకు వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది ముగ్గురు: సుధ, ప్రతాప్, ఆయన తల్లి. అత్తకు డెబ్బై దాటాయి. కరువు చూసిన మనిషి. మెతుకు కింద పడితే ఏరి కళ్లకద్దుకునేది. ఎదుటివాళ్లు పడేస్తే మాత్రం వాళ్లను సాయంత్రం దాకా తిట్టేది.

ఆ మధ్య ప్రొద్దుటూరులో సుధ పిన్నమ్మ మనవరాలి పెళ్లి జరిగింది. పెళ్లికూతురి మెడలో ఉన్న బంగారం గురించి ఆడవాళ్లు, విస్తట్లో ఉన్న వాటి గురించి మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ప్రతాప్ ముందు రోజు సాయంత్రం నుంచే స్నేహితులతో తాగి ఉన్నాడు. పెళ్లిరోజు మధ్యాహ్నం రెండు పంక్తుల్లో కూర్చున్నాడు. మొదటిది ఆకలికి, రెండోది పెళ్లికొడుకు మేనమామ బలవంతం చేశాడని. నేతిలో తేలే ఓలిగలు, ఆ బొబ్బట్లు, ఎన్ని తిన్నాడో వడ్డించినవాడికే తెలియాలి.

మూడు గంటలకు కడుపు పట్టుకొని కుర్చీలో వంగిపోయాడు. గ్యాస్ అన్నారు. జీలకర్ర సోడా తాగించారు. తాగిందంతా కక్కుకున్నాడు. నొప్పి పైకడుపు నుంచి వీపులోకి పొడుస్తోందని మెలికలు తిరుగుతుంటే, సుధ మొదట దగ్గరకు కూడా పోలేదు. నలుగురి ముందు తిన్నవాడు నలుగురి ముందు అనుభవించనీ అనుకుంది. కానీ ఆయన మాట్లాడడం మానేశాడు. అది చూసి ఆమెకు భయం వేసింది. ప్రతాప్ మాట్లాడకుండా ఉన్నాడంటే సంగతి మామూలుది కాదు. తమ్ముడు యువరాజ్‌ను కేకేసి, ఇద్దరూ కలిసి ఆయన్ను ఆటోలో కుక్కి, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడి డాక్టరమ్మ పేరు జువేరియా. నలభై ఏళ్లుంటాయి. నవ్వదు, విసుక్కోదు. నెత్తురు తీయించి, చేతికి సెలైను పెట్టించి, నోట్లోకి నీళ్లు కూడా పోకూడదని చెప్పి వెళ్లింది. గంట తర్వాత వచ్చి సుధను పక్కకు పిలిచి ఒక గాజుగొట్టం చూపించింది. అడుగున ఎర్రగా నెత్తురు పేరుకొని ఉంది. పైన పలుచటి పసుపు రంగులో ఉండాల్సిన నీరు, గేదెపాల మాదిరి తెల్లగా ఉంది.

"ఇది మీ ఆయన నెత్తురేనమ్మా," అంది డాక్టరమ్మ. "ఇందులో ఒక రకం కొవ్వు నూట యాభై లోపల ఉండాల. ఈయనకు పదమూడు వందలు దాటింది. అందుకే కడుపులో క్లోమం వాచింది. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు."

సుధ ఆ గొట్టాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లు తాను వండి వడ్డించిందంతా అక్కడ తెల్లగా నిలబడి ఉన్నట్టనిపించింది.

రెండో రోజుకు ప్రతాప్‌కు నోరు వచ్చింది. డాక్టరమ్మ ఏం తింటావని అడిగితే, అందరి మాదిరే మామూలుగా తింటానని, మందు ఎప్పుడన్నా పెళ్లికో పబ్బానికో అని చెప్పాడు. డాక్టరమ్మ సుధ వైపు తిరిగింది.

"వారానికి నాలుగు దినాలు పెండ్లే మేడం మా ఇంట్లో," అంది సుధ.

ఆ తర్వాత పొద్దున ఉగ్గాని నుంచి సాయంత్రం సీసా దాకా వరసగా చెప్పింది. ఒక్కటి కూడా వదల్లేదు. చెప్తుంటే ఆమెకు ఎన్నడూ లేనంత హాయిగా ఉంది. ప్రతాప్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

డాక్టరమ్మ చెప్పింది పెద్దగా ఏమీ లేదు. కొవ్వంటే నూనెలో నుంచే వస్తుందని అందరూ అనుకుంటారు గానీ, ఈయన తాగే మందు, చక్కెర రసం, గుట్టలు గుట్టలుగా తినే బువ్వ కూడా కాలేయంలోకి పోయి కొవ్వుగా మారి నెత్తుట్లోకి వస్తున్నాయంది. మందు పూర్తిగా మానాలి. చక్కెర, రసాలు వద్దు. మొదట కొన్ని వారాలు నూనె, నెయ్యి కూడా తగ్గించాలి. ఆ తర్వాత బువ్వ పిడికెడు. పళ్లెంలో మిగతాదంతా ఆకుకూరలు, కాయగూరలు, గుడ్లు, చేప, పప్పు. ఒళ్లు తగ్గాలి, నడవాలి. మాత్రలు తను చెప్పేదాకా ఆపకూడదు.

పులివెందులకు వచ్చాక ప్రతాప్ రెండు మూడు రోజుల్లో మళ్లీ పాతదారి పడతాడని సుధ అనుకుంది. పడేవాడే. కానీ యువరాజ్ పరామర్శకు వచ్చి, బావ పొట్ట మీద చెయ్యి వేసి, దీన్ని కరిగించడం నీ వల్ల యాడవుతుంది బావా అని నవ్వి పోయాడు. బామ్మర్ది చేతిలో నవ్వులపాలు కావడం ప్రతాప్ భరించలేకపోయాడు. చావుభయం చేయలేని పనిని ఆ నవ్వు చేసింది. తన మొగుడు బతకడానికి కూడా పంతం కావాల్సి వచ్చిందని సుధ అప్పుడే అనుకుంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ప్రతాప్ బువ్వ మానేశాడు. పిడికెడు తినమంటే అది కూడా మానేశాడు. ఫోనులో ఎవరెవరో చెప్పే వీడియోలు పొద్దస్తమానం పెట్టుకొని, వాళ్లు చెప్పిన ప్రతిదీ వండమనేవాడు. పువ్వుకోసును, అదే కాలీఫ్లవరును, తురిమి అన్నం మాదిరి చేయమన్నాడు. గోధుమపిండి లేకుండా రొట్టె చేయమన్నాడు. కోడికూర ఒక పూట, గుడ్లు ఒక పూట, పనీరు ఒక పూట. తోటకూర కట్టలు కట్టలుగా తెచ్చి పడేసేవాడు. సుధ ఆయనకో పొయ్యి, అత్తకో పొయ్యి పెట్టుకొని, రోజంతా వంటింట్లోనే ఉండిపోయింది. పువ్వుకోసు తురిమి తురిమి వేళ్లు గీసుకుపోయాయి. ఆ తురుము పళ్లెంలో వేసుకొని అన్నమే తింటున్నట్టు కలుపుకొని తినే మొగుణ్ని చూస్తే ఆమెకు ఏవగింపు కలిగేది. తింటే అన్నం తిను, మానేస్తే మానేయ్. ఈ వేషమెందుకని లోపల అనుకునేది.

అయినా ఒళ్లు తగ్గింది. అది ఎవరూ కాదనలేని మాట. నెల నెలకూ బెల్టుకు కొత్త బెజ్జం పడింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది, గురక పోయింది, కళ్ల కింద సంచులు పోయాయి. మందు నిజంగానే మానేశాడు. సీసాలు మానేసిన చోట మాటలు మొదలుపెట్టాడు. చీనీతోటల్లో రైతులను కూర్చోబెట్టి, బువ్వ విషమని చెప్పేవాడు. వాళ్ల కాయ కొని అమ్ముకునే మనిషే రసం తాగొద్దని వాళ్లకే చెప్పేవాడు. ఇంటికి ఎవరొచ్చినా పాత ప్యాంటు తెచ్చి నడుము దగ్గర పట్టుకొని, అందులో ఇప్పుడు ఇద్దరు పడతారని చూపించేవాడు. అందరూ ఆశ్చర్యపోయేవాళ్లు. లావుగా ఉన్నప్పుడు వేళాకోళం చేసిన వాళ్లే ఇప్పుడు అన్నా, ఎట్ల చేస్తివన్నా అని చుట్టూ మూగేవాళ్లు. సుధ కాఫీలు ఇస్తూ వాళ్ల ముఖాలు చూసేది. అడిగినవాళ్లలో ఒక్కడు కూడా చేయడు, చెప్పేవాడికి అది అక్కర్లేదు.

ఇంతలో వంటింట్లో ఇంకో సంగతి జరుగుతోంది. దాన్ని ఎవరూ చూడలేదు, సుధ కూడా సరిగ్గా చూసుకోలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆమె చెయ్యి ఒకే కొలతకు అలవాటు పడింది. గిన్నెలో బియ్యం పోస్తే అదే లెక్క పడేది. తినే ప్రతాప్ తినడం లేదు. అత్త తినేది పిట్టంత. మిగిలిన బువ్వ పారేద్దామంటే అత్త ఊరుకోదు. కుక్కకు పెట్టినా ఓర్వదు. అందుకని సుధ మధ్యాహ్నం అందరికీ పెట్టాక వంటగట్టుకు ఆనుకొని నిలబడి, గిన్నెలో మిగిలింది ఊరిబిండి పచ్చడి వేసుకొని తినేసేది. రాత్రిది పొద్దున నీళ్లు పోసుకొని తినేది. పండక్కి చుట్టాలు పంపిన లడ్లు, జాంగ్రీలు ఒకప్పుడు ప్రతాప్ డబ్బాలతో సహా ఖాళీ చేసేవాడు. ఇప్పుడు అవీ ఆమె వంతుకే వచ్చాయి. రెండు పొయ్యిల దగ్గర నిలబడి అలసిపోయి, సాయంత్రం కాళ్లు చాపుకొని కూర్చుంటే, ఒక జాంగ్రీ నోట్లో వేసుకోవడం తప్ప ఇంకో సుఖం ఆమెకు దొరికేది కాదు.

రవికెలు బిగిశాయి. కుట్లు విప్పించుకుంది. మళ్లీ బిగిశాయి. ప్రతాప్ కంట్లో మాత్రం అది పడింది. ఇంటికి వచ్చిన వాళ్ల ముందు, నన్ను సూసి ఊరంతా మారతాంది గానీ మా ఇంట్లో ఆమెకు మాత్రం బుద్ధి రాలేదప్పా అని నవ్వేవాడు. సుధ కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది. అలాంటి మనిషికి జవాబు చెప్పడం కూడా తనకు తక్కువేనని అనుకుంది.

ఎనిమిది నెలలకు ప్రొద్దుటూరు ఆసుపత్రికి మళ్లీ వెళ్లారు. ప్రతాప్ కొత్త చొక్కా తొడుక్కున్నాడు. నెత్తుటి పరీక్షలో ఆ పదమూడు వందలు నూట అరవైకి దిగింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. మెచ్చుకోవడమే తడవు, ఆయన కుర్చీలో ముందుకు జరిగి, తను ఎలా తగ్గిందీ ఆమెకే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ వింటూనే గోడ పక్కన కూర్చున్న సుధను చూసింది. మేడమెట్లు ఎక్కి వచ్చిన సుధకు ఇంకా ఊపిరి సర్దుకోలేదు.

"నువ్వు ఎప్పుడన్నా పరీక్ష చేయించుకున్నావామ్మా?" అని అడిగింది.

"ఆమెకేంది మేడం, రాయి మాదిరుంటాది," అన్నాడు ప్రతాప్.

డాక్టరమ్మ ఆయన్ను పట్టించుకోలేదు. సుధ నాన్న ఎలా చనిపోయాడని అడిగింది. యాభై ఏళ్లకు, మంద వెంట పోతూ పోతూ గుండె పట్టుకొని కూలిపోయాడని సుధ చెప్పింది. చిన్నాయన కూడా అలాగే పోయాడు. డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా నెత్తురు తీయించింది. సాయంత్రం బస్సుకు పోదామని ఊళ్లోనే ఉండిపోయి, నాలుగు గంటలకు మళ్లీ వెళ్లారు. సుధకు గుండెకు చెడు చేసే కొలెస్ట్రాల్ శానా ఎక్కువుంది. ప్రతాప్‌కు పెరిగిన ఆ రకం కొవ్వు కూడా ఎక్కువే. చక్కెర వ్యాధి ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చింది.

బస్సెక్కి కూర్చున్నప్పటి నుంచి ప్రతాప్ ఆగలేదు. ముద్దనూరు దాటేదాకా చెప్తూనే ఉన్నాడు. తను చెప్పిన మాట వినుంటే ఇలా అయ్యేదా అన్నాడు. ఒక మనిషి కళ్ల ముందర దీపం మాదిరి ఉంటే చూసి నేర్చుకోవాల్సింది అన్నాడు. ముందు సీట్లో వాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేకపోవడమే దీనికంతటికీ కారణమని ఆయన అన్నప్పుడు సుధ కిటికీలో నుంచి తల తిప్పింది.

"నువ్వు బువ్వ ఇడిస్తివి కదా మామా," అంది, గొంతు పెంచకుండా. "ఆ బువ్వ యాడికి పోయిందనుకుంటివి? గిన్నెలో నుంచి గాల్లోకి పోయిందా? పారేస్తే మీయమ్మ తిడుతుంది. నీకు తురుమినంక, ఆమెకు పెట్టినంక, నిలబడుకోని నేనే తింటి. నీ ఒంట్లో నుంచి దిగిందంతా నా ఒంటికి ఎక్కింది. నువ్వు చేసిన ఘనకార్యం అదీ."

ప్రతాప్ పరీక్ష కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున సుధ రెండో పొయ్యి వెలిగించలేదు. బియ్యం కొలిచే గిన్నె తీసి పైన అటక మీద పెట్టి, అత్త టీ తాగే గ్లాసుతో బియ్యం కొలిచింది. పప్పులో దండిగా గోంగూర వేసింది, అలసందలు ఉడకేసింది, గుడ్లు పొరటు చేసింది. ఇంటిల్లిపాదికీ అదే వంట. ప్రతాప్ పువ్వుకోసు అన్నం అడిగితే, తురుముకునే పీటనూ పువ్వునూ ఆయన ముందు పెట్టి వెళ్లింది. ఆయన సగం పువ్వు తురిమి, వేలు కోసుకొని, ఇక ఆ పువ్వుకోసు అన్నం మాటే ఎత్తలేదు. అత్తకు తన వంతు పిడికెడు మెత్తటి బువ్వ దొరికింది కాబట్టి, గిన్నె అడుగున ఏమీ మిగలట్లేదు కాబట్టి, ఆమె కూడా గొణగలేదు. చుట్టాలు పంపే మిఠాయిలను సుధ గడప లోపలికి రానివ్వకుండా వీధిలో పిల్లలకు పంచేసేది.

పొద్దున్నే నడవడం మొదలుపెట్టింది. ప్రతాప్ తోడు వస్తానన్నాడు. ఎలా నడవాలో, చేతులు ఎలా ఊపాలో చూపిస్తానన్నాడు. తనకు పుట్టిన ఏడాది నుంచే నడక వచ్చని చెప్పి ఆయన్ను ఇంట్లోనే వదిలేసింది. ఊరు దాటి చీనీతోటల దారిలో ఒక్కతే పోయి వచ్చేది. మొదటి వారం మోకాళ్లు పీకాయి, సాయంత్రం అయ్యేసరికి తీపి కోసం నాలుక లాగింది. అటక మీద పెట్టిన బియ్యం గిన్నె వైపు చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. జాంగ్రీ కోసం ఏడుపు వచ్చినంత పనైనప్పుడు, ఇన్నేళ్లు తాను ఎవరినైతే తిండిపోతని చీదరించుకుందో ఆ మనిషికీ తనకూ తేడా ఎంతని ఆమెకు అనిపించింది. ఆ ఆలోచన నచ్చలేదు. లేచి వేయించిన చెనిగ్గింజలు నాలుగు నోట్లో వేసుకొని, మజ్జిగ తాగి, పనిలో పడింది. ఎవరికీ చెప్పలేదు. పాత రవికెలు పట్టిన రోజున కూడా వాటిని ఎవరికీ చూపించలేదు.

ఐదు నెలలకు ఇద్దరూ కలిసి ప్రొద్దుటూరు పోయారు. సుధ ఒళ్లు దిగింది. ప్రతాప్‌కు పెరిగినట్టే తనకూ పెరిగిన ఆ కొవ్వు మామూలుకు వచ్చింది. చక్కెర గడప దగ్గర నుంచి వెనక్కు పోయింది. గుండెకు చెడు చేసే కొలెస్ట్రాల్ మాత్రం కొంచెమే తగ్గింది. అది తిండి వల్ల పూర్తిగా తగ్గేది కాదని, వాళ్ల నాయన వైపు నుంచి నెత్తుట్లోనే వచ్చిందని, రోజూ ఒక మాత్ర వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. సరేనంది సుధ.

ప్రతాప్ ఊరుకోలేదు. మాత్రలన్నీ కంపెనీల మోసమని, తను మాత్రలు ఆపేసి రెండు నెలలైందని, రోజూ పొద్దున నెయ్యి, వెన్న తింటున్నానని, అయినా గుర్రం మాదిరి ఉన్నానని చెప్పాడు. డాక్టరమ్మ ఆయన కాగితం తీసి చూసింది. ఇన్నాళ్లూ లేనిది, ఆయనకు కూడా చెడు కొలెస్ట్రాల్ ఎగబాకింది.

"బువ్వ తగ్గించమంటిని గానీ, నెయ్యి తాగమని ఎవరు చెప్పినారన్నా?" అంది డాక్టరమ్మ. "నీ ప్రాణం ఫోనులో వాడిది కాదు, నీదే. మాత్రలు మళ్లీ మొదలుపెట్టు. వెన్న మానెయ్. నీకు వద్దనుకుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పో, నా టైము తినొద్దు."

ఇంత నెమ్మదిగా, ఇంత చులకనగా ఒకరు ఆయనతో మాట్లాడడం సుధ ఎప్పుడూ వినలేదు. లేచి వస్తూ ఆ డాక్టరమ్మకు నమస్కారం పెట్టింది. సుధ దండం పెట్టిన మనుషులు చాలా తక్కువ.

మాత్రలు తను మళ్లీ వేసుకుంటున్నది ఎవరికీ చెప్పొద్దని ప్రతాప్ బస్సులో బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. ఆయన కొత్తగా ఎవరికన్నా పాఠం మొదలుపెట్టినప్పుడు, లోపల నుంచి మామా, మాత్ర వేసుకుంటివా అని ఒక్క కేక వేసేది. పాఠం అక్కడితో అయిపోయేది.

రంజాన్ పండగ వచ్చింది. పక్కింటి మైమూన్ భర్త కువైట్‌లో ఉంటాడు. ఆమె పండగకు ఎప్పుడూ పెద్ద డబ్బా నిండా బిర్యానీ పంపుతుంది. ఈసారి కూడా మధ్యాహ్నం తనే తెచ్చి, సుధక్కా, మీరు తినరని తెలుసు గానీ పంపకుండా ఉండలేకపోయినా అని చేతిలో పెట్టింది. సుధ డబ్బా వంటింట్లో పెట్టి, మైమూన్‌తో పాటు వాళ్లింటికి వెళ్లి, పిల్లలకు పండగ డబ్బులిచ్చి, కాసేపు కూర్చొని వచ్చింది.

వచ్చేసరికి వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, బువ్వ విషమని ఊరూరా చెప్పిన మనిషి పీట మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్లో డబ్బా. అడుగున లవంగాలు, రెండు ఎముకలు మాత్రం ఉన్నాయి.

"ముక్కలు మాత్రమే తింటి," అన్నాడు ప్రతాప్.

సుధ ఆయన్ను తలుపు దగ్గర నుంచే పై నుంచి కింది దాకా చూసింది.

"మీసానికి మెతుకుండాది, తుడ్సుకో," అంది.

ఆయన తుడుచుకోలేదు. డబ్బా కింద పెట్టి, చిన్నపిల్లాడి మాదిరి చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ ముఖం చూస్తే సుధకు తిట్టాలనిపించలేదు. జాలి కూడా కలగలేదు. ఒక చెంబుడు నీళ్లు ముంచి ఆయన పక్కన పెట్టి, చెయ్యి కడుక్కొని నడిచి రమ్మంది. ప్రతాప్ లేచి చెప్పులేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా తోటల దారి పట్టాడు. చీకటిపడే వేళకు వచ్చి, అడగకుండానే మాత్ర వేసుకొని పడుకున్నాడు.

ఒక వారం ఆయన ఎవరికీ ఏమీ బోధించలేదు. వచ్చినవాళ్లు అడిగినా, ఏదో తగ్గిందిలే అప్పా అని తప్పుకున్నాడు. ఇల్లు అంత ప్రశాంతంగా ఉండడం సుధకు పెళ్లయ్యాక అదే మొదలు. తర్వాత ఒక పొద్దున ఆమె గుడ్లు ఉడకబెట్టి పొట్టు తీస్తుంటే, వీధిలో నుంచి ప్రతాప్ గొంతు వినిపించింది. పాలు పోయడానికి వచ్చినవాణ్ని ఆపి, మనిషన్నవాడు ఒక పూట తప్పి తిన్నా మళ్లీ ఎలా దారిలోకి రావాలో చెప్తున్నాడు. పాలవాడు సైకిలు మీద ఒక కాలు వేసి, తప్పించుకునే సందు కోసం చూస్తున్నాడు.

సుధ కిటికీ రెక్క మూసి, గుడ్డు మీద ఉప్పూ మిరియాలూ చల్లుకొని తిన్నది.